రాళ్ళ నడుమ గుడ్డు

హైదరాబాదు నగరానికి ఆగ్నేయంగా, దిల్‌సుఖ్‌నగర్ దాటి మీర్‌పేట్ వైపు వెళ్ళినవారికి ఇండ్ల వరుసల మధ్య అక్కడక్కడ మొరపనేల కనబడుతుంది. చెరువుగట్టు పక్కన గాని, ఇంకా పునాదులు పడని స్థలాల్లో గాని ఎండలు ముదిరిన రోజుల్లో నాలుగడుగులు వేసి చూడండి. ఎక్కడినుంచో పొడుగాటి పసుపుపచ్చ కాళ్ళ పక్షి ఒకటి లేచి, మీ తలమీదుగా చక్కర్లు కొడుతూ గొంతు చించుకుని అరుస్తుంది. అదే తీతువు పిట్ట. దాని కూత వినబడితే ఏదో కీడు మూడుతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉన్నది. నిజానికి అక్కడ కీడు శంకిస్తున్నది మనం కాదు, ఆ పక్షి. దగ్గరలో దాని గుడ్లున్నవి.

ఆ గుడ్లు ఎక్కడున్నవో కనుక్కోవడం అంత సులభం కాదు. చెట్టుమీద గూడు లేదు, పొదలో దాపు లేదు. నేలమీద చిన్న గుంట, దానిచుట్టూ కొన్ని గులకరాళ్ళు, ఒకప్పుడు నాలుగు మేకపెంటికలు - అంతే. అందులో సాధారణంగా నాలుగు గుడ్లుంటవి. మట్టిరంగు మీద నల్లని మచ్చలు. మొనలన్నీ లోపలి వైపుకు. రెండు గజాల దూరంలో నిలబడి చూచినా అవి రాళ్ళలో రాళ్ళుగానే కనబడుతవి.

గోడ లేదు, కప్పు లేదు, తలుపు అసలే లేదు. పైన కాకులు, కింద ముంగిసలు, కుక్కలు, నడినెత్తిన సూర్యుడు. అట్లా సుమారు నాలుగు వారాలు గడిస్తే గాని పిల్ల బయటికి రాదు. మరి ఈ గుడ్డు ఎట్లా బతికి బట్టకడుతున్నది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రలో మన తెలుగునేలకు కూడా ఒక ముఖ్యమైన అధ్యాయం ఉన్నది.

పూర్వుల పరిశీలన

పక్షుల గుడ్లకు వచ్చే కష్టాలను మనవారు చాల కాలం క్రితమే గమనించారు. పంచతంత్రంలో టిట్టిభ దంపతుల కథ మీరు చదివే ఉంటారు. టిట్టిభమంటే తీతువే. సముద్రపుటొడ్డున పెట్టిన గుడ్లను అలలు ఎత్తుకుపోగా ఆ చిన్న పక్షులు సముద్రంతోనే తగవు పెట్టుకుంటవి. కథ నీతికోసం చెప్పినదే అయినా, ఆ పక్షి ఆరుబయట, నీటిదాపున గుడ్లు పెడుతుందన్న సంగతి కథకునికి తెలుసు. అట్లాగే కోకిలకు 'పరభృతము' అని సంస్కృతంలో ఒక పేరు. ఇతరులచేత పెంచబడినది అని అర్థం. కాకిగూటిలో కోకిల గుడ్డు పెట్టడం ఎవరో శ్రద్ధగా చూడకపోతే ఆ పేరు పుట్టేది కాదు.

అయితే చూడడం వేరు, 'ఎందుకు' అని అడగడం వేరు. ఆ రెండవ పని పంతొమ్మిదవ శతాబ్దంలో మొదలైంది.

గుడ్లు ఏరినవారు

ఆ రోజుల్లో పక్షిశాస్త్రమంటే తుపాకితో పక్షిని కొట్టడం, చర్మాన్ని ఎండబెట్టి దాచడం, గుడ్డుకు చిన్న రంధ్రం పొడిచి లోపలి సొన తీసివేసి పెంకును దూదిలో భద్రపరచడం. మద్రాసు ప్రభుత్వంలో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ కొంతకాలం నెల్లూరులో ఉన్నాడు. తూర్పు కనుమల పక్షులను అతడు శ్రద్ధగా పరిశీలించి, స్థానికులు వాటిని పిలిచే తెలుగు పేర్లను కూడా సేకరించాడు. 1862-64 మధ్య వెలువడిన అతని 'భారతదేశపు పక్షులు' అనే గ్రంథం చాల కాలం ప్రామాణికంగా నిలిచింది.

అతని తరువాత చెప్పుకోదగినవాడు అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో కాంగ్రెసు సంస్థ స్థాపనకు పూనుకొన్న హ్యూమ్ ఇతడే. 1873లో భారతదేశపు పక్షుల గూళ్ళను, గుడ్లను గురించి ఒక పెద్ద గ్రంథాన్ని ప్రకటించడం ప్రారంభించాడు. దేశం నలుమూలలా ఉన్న ఉద్యోగులు తాము చూచినవన్నీ అతనికి వ్రాసి పంపేవారు. అయితే 1884 ప్రాంతంలో సిమ్లాలోని అతని ఇంటినుంచి ఏళ్ళతరబడి వ్రాసిన కాగితాలను నౌకరు ఒకడు చిత్తుకాగితాల కింద బజారులో అమ్మివేశాడు. హ్యూమ్ మనసు విరిగిపోయింది. తన సేకరణనంతా, సుమారు 82,000 నమూనాలను, లండనులోని బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చివేశాడు. వాటిలో వేలకొలది గుడ్లున్నవి.

ఈ సేకరణలవల్ల పక్షులకు నష్టం జరిగిందన్న మాట నిజం. అయినా ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని, ఏ రంగు గుడ్లు పెడుతుందో మొదటిసారి ఒక పట్టికగా కళ్ళెదుట నిలిచింది కూడా వీటివల్లనే.

తెల్లగుడ్డు, మచ్చలగుడ్డు

ఆ పట్టికను చూచి కారణం వెదకిన వారిలో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ ముఖ్యుడు. డార్విన్‌తోపాటు ప్రకృతివరణ సిద్ధాంతాన్ని కనుగొన్న శాస్త్రజ్ఞుడితడు. 1889లో ప్రకటించిన గ్రంథంలో అతడు గుడ్ల రంగులను చర్చించాడు. తొర్రల్లో, బొరియల్లో పెట్టే గుడ్లు చాలవరకు తెల్లనివి. ఆరుబయట పెట్టేవి చాలవరకు రంగులు, మచ్చలు కలవి. చీకటిలో ఉన్నదానికి మారువేషంతో పని లేదు గదా!

మన చుట్టూ ఉన్న పక్షులతోనే దీనిని సరిచూచుకోవచ్చును. దసరానాడు మనం దర్శనం చేసుకునే పాలపిట్ట చెట్టుతొర్రలో గుడ్లు పెడుతుంది, అవి తెల్లనివి. లకుముకిపిట్ట మట్టిగట్టులో బొరియ తవ్వుతుంది. దాని గుడ్లూ తెల్లనివే. చిలుక, వడ్రంగిపిట్ట, గుడ్లగూబ - వీటి గుడ్లన్నీ తెలుపే. తీతువు, కౌజు వంటి నేలపక్షుల సంగతి వేరు. తీతువు గుడ్డుకు మచ్చలున్నవి; కౌజు గుడ్డు లేత మట్టిరంగుగా ఉంటుంది.

అయితే ప్రకృతిలో నియమాలు వ్యాకరణ సూత్రాలవంటివి, వాటికి అపవాదాలుంటవి. గోరింక తొర్రలోనే గుడ్లు పెడుతుంది, కాని అవి నీలిరంగువి. గువ్వ నాలుగు పుల్లలు పేర్చి ఆరుబయటనే తెల్లని గుడ్లు రెండు పెడుతుంది. గువ్వజంట వంతులవారీగా గుడ్లమీదనే కూర్చుని ఉంటుంది గనుక గుడ్డు తెలుపు అరుదుగా గాని బయటపడదు. చెరువుల్లో తేలే గూడు కట్టే చిన్న మునుగుడుకోడి తెల్లని గుడ్లు పెట్టి, లేచిపోయేటప్పుడు వాటిమీద నాచు కప్పి వెళుతుంది. కొద్దిరోజుల్లో ఆ నాచు అంటుకుని గుడ్లు గోధుమరంగుకు తిరుగుతవి. గుడ్డు చేయలేని పనిని తల్లి చేస్తుందన్నమాట. కాబట్టి గుడ్డును ఒంటరిగా చూస్తే లాభం లేదు. గుడ్డు, గూడు, తల్లిదండ్రుల నడవడి, చుట్టూ ఉన్న నేల - ఈ నాలుగూ కలిస్తేనే దాని రక్షణ పూర్తి అవుతుంది.

ఇన్ని రంగులు ఎట్లా వస్తవని మీకు సందేహం కలుగవచ్చును. పక్షిగుడ్ల రంగులకు ముఖ్యంగా రెండే వర్ణద్రవ్యాలు ఆధారం. ప్రోటోపోర్ఫిరిన్ అనేది ఎరుపు, గోధుమ ఛాయలనిస్తుంది. బిలివెర్డిన్ నీలి, ఆకుపచ్చ ఛాయలనిస్తుంది. రెండూ రక్తానికి ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గర చుట్టాలే. ఒక చిత్రకారుడు రెండే రంగులతో వేల బొమ్మలు వేసినట్లు, గుడ్డు తల్లికడుపులో అండవాహికనుండి జారుతుండగా ఈ రెండు రంగులే పెంకుమీద వివిధ పాళ్ళలో చేరుతవి.

కోకిల ఈ విద్యనే మరొక విధంగా వాడుకున్నది. దాని గుడ్డు కాకిగుడ్డుకంటె చిన్నది. కాని రంగులో, మచ్చల్లో దానిని పోలి ఉంటుంది. పైగా కాకిపిల్లకంటె ముందుగానే కోకిలపిల్ల బయటపడుతుంది. తీతువు గుడ్డు రాయిని అనుకరించి శత్రువును మోసగిస్తే, కోకిల గుడ్డు మరో గుడ్డును అనుకరించి పెంపుడుతల్లినే మోసగిస్తున్నది.

ఊపిరి పీల్చే పెంకు

గుడ్డును కాకి కంటినుంచి కాపాడితే చాలదు. పెంకు గట్టిగా ఉండాలి, తల్లి బరువుకు పగలరాదు. కాని పిల్ల తన చిన్నముక్కుతో పగులగొట్టగలిగేంత మెత్తగానూ ఉండాలి. లోపలికి గాలి పోవాలి, కాని తడి అంతా ఆవిరై పోరాదు. ఒకదానికొకటి ఎదురైన ఈ అవసరాలను పెంకు ఎట్లా తీరుస్తున్నదో 1970 ప్రాంతంలో హెర్మన్ రాన్, ఆమోస్ ఆర్, వారి సహచరులు లెక్కలతో చూపించారు.

ఇంట్లో దొరికే కోడిగుడ్డునే తీసుకోండి. దాని పెంకు మందం ఒక మిల్లీమీటరులో మూడోవంతు. అందులో కంటికి కనబడని రంధ్రాలు సుమారు 10,000 ఉన్నవి. పొదిగే 21 రోజుల్లో ఆ రంధ్రాలగుండా దాదాపు 6 లీటర్ల ప్రాణవాయువు లోపలికి పోతుంది. నాలుగున్నర లీటర్ల బొగ్గుపులుసు వాయువు, 11 లీటర్ల నీటియావిరి బయటికి వస్తవి. ఊపిరితిత్తులు పనిచేయని ఆ దశలో పెంకే పిల్లకు ఊపిరితిత్తి. నీరు పోయినంతమేరకు గుడ్డు మొద్దువైపు గాలిగది ఏర్పడుతుంది. పిల్ల మొదటి శ్వాస అందులోనే తీస్తుంది.

మరొక విచిత్రం. పెరిగే పిల్ల తన ఎముకలకు కావలసిన సున్నాన్ని లోపలివైపునుండి పెంకులోంచే తీసుకుంటుంది. అందువల్ల పిల్ల బలపడుతున్నకొద్దీ పెంకు పలుచబడుతుంది. జైలుగోడ ఇటుకలతోనే ఖైదీ తన కండలు పెంచుకుని, ఆ గోడనే కూలగొట్టి బయటపడుతున్నాడన్నమాట.

చంపకుండా నేర్చుకున్న పాఠం

తీతువు గుడ్డుకు వచ్చే చిక్కు వేడిమి. మామూలుగా పొదగడమంటే వెచ్చదనమివ్వడమే అనుకుంటాము. కాని మన ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం బండరాతి నేల ఎంత కాలుతుందో చెప్పులు లేకుండా నడచినవారికి తెలుసు. అంత వేడి గుడ్డుకు నేరుగా తగిలితే లోపలి పిండం బ్రతకదు. అప్పుడు పక్షి చేయవలసినది గుడ్డును చల్లబరచడం.

ఈ విషయం మన దేశంలోనే శ్రద్ధగా పరిశీలింపబడింది. 1957లో ఇంగ్లండు వదలి భారతదేశానికి వచ్చి స్థిరపడిన ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్, పక్షులను హింసించకుండానే శాస్త్రపరిశోధన చేయవచ్చునని 1959లో ఒక వ్యాసం వ్రాశాడు. తుపాకి, గుడ్లపెట్టె అక్కరలేదు. కళ్ళు, గడియారం, నోటుపుస్తకం ఉంటే చాలునని దాని సారాంశం. అతని సహచరులు సురేశ్ జయకర్, హెలెన్ స్పర్వే ఆ బాటలోనే 1960 తరువాతి సంవత్సరాల్లో భువనేశ్వరంలో పసుపుముక్కు తోళ్ళుండే తీతువు జాతిని గూళ్ళవద్దనే గమనించారు. అది వానాకాలానికి ముందు, ఎండిన నేలమీద పిల్లలను చేసే పక్షి. ఎండవేళ తల్లిదండ్రులు గుడ్లపై నీడపట్టి నిలబడతవి. నీటిదగ్గరికి వెళ్ళి పొట్టకింది ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లమీద కూర్చుంటవి. మీర్‌పేట్‌లో కనబడే ఎర్రతోలు తీతువు కూడా ఈ పని చేస్తుంది. చెరువు దగ్గర తీతువు గూడుండడంలోని ఒక సౌకర్యం ఇదే. చెరువు ఎండితే చేపకే కాదు, గట్టుమీది గుడ్డుకు కూడా ముప్పే.

ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో నికో టింబర్గెన్ మరొక చిన్న ప్రశ్న వేసుకున్నాడు. నేలమీద గూడు పెట్టే నల్లతల గల్ పక్షి, పిల్ల బయటపడగానే పగిలిన పెంకును ముక్కున కరచుకుని దూరంగా పారవేసి వస్తుంది. ఎందుకు? పెంకుకు బయట రంగున్నా లోపల తెలుపు. టింబర్గెన్ బృందం ఇసుకదిబ్బల్లో గుడ్లను పెట్టి, వాటికి వివిధ దూరాల్లో పగిలిన పెంకులుంచింది. పెంకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు నూటికి 42 గుడ్లు కాకుల, గల్‌ల పాలైనవి. 2 మీటర్ల దూరంలో ఉంటే 21 మాత్రమే. 1962లో ప్రకటించిన ఈ ప్రయోగానికి ఖర్చు దాదాపు లేదు. కాని పక్షి చేసే ఒక చిన్న పని పిల్లల ప్రాణాలను ఎంతగా కాపాడుతుందో అది అంకెల్లో చూపింది. టింబర్గెన్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

వాలేస్ ఊహకు కూడా క్రమంగా రుజువులు దొరికినవి. కంజుపిట్టలని మన అంగళ్ళలో అమ్మే జపాను జాతి పక్షులు, తమ గుడ్ల మచ్చలకు సరిపడే రంగునేలను తామే ఎంచుకుని గుడ్డు పెడతవని 2013లో తెలిసింది. జాంబియా దేశంలో నేలపక్షుల గూళ్ళను పరిశీలించి 2016లో ప్రకటించిన పరిశోధన మరింత ముఖ్యమైనది. తీతువు బంధువర్గంలోనూ, కోర్సర్లు అనే పరుగుపక్షుల్లోనూ, నేలతో బాగా కలిసిపోయిన గుడ్లే ఎక్కువగా బతికి పిల్లలైనవి. గుడ్డు రంగుకు తనంతట తనకు బలం లేదు. సరియైన నేల దొరికినప్పుడే అది కవచమవుతుంది.

విషమూ, పాత పెట్టెలూ

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పంటలపై డి.డి.టి. విరివిగా చల్లసాగారు. కొన్నేళ్ళకు ఇంగ్లండులో డేగజాతి పక్షుల గూళ్ళలో గుడ్లు తల్లికిందనే పగిలిపోవడం డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. పెంకు పలుచబడిందా? పూర్వం ఎంత మందముండేదో తెలిస్తే గదా చెప్పడానికి! అప్పుడు పనికివచ్చినవి పాత సేకరణకర్తల పెట్టెలే. వాటిలోని గుడ్లను తూచి, కొలిచి, 1947 ప్రాంతంనుండి డేగగుడ్ల పెంకు సుమారు ఐదోవంతు పలుచబడినదని 1967లో అతడు వెల్లడించాడు. పురుగుమందు నేలనుంచి పురుగుకు, పురుగునుంచి చిన్నపక్షికి, దానినుంచి డేగకు చేరి, పెంకుకు కావలసిన సున్నం చేరకుండా అడ్డుకున్నదని తరువాత తేలింది. లక్షల ఏళ్ళుగా ప్రకృతి సరిచూచిన మందం ఇరవై ఏళ్ళలో తప్పిపోయింది. కాకినుంచి దాగడం నేర్చిన గుడ్డుకు ఈ కొత్త శత్రువునుంచి దాగే విద్య లేదు.

ఒకే ఒక గుడ్డు

ఇప్పుడు మన తెలుగునేల అధ్యాయానికి వద్దాము. జెర్డన్ కడప, నెల్లూరు ప్రాంతపు కనుమల్లో ఒక పరుగుపక్షిని సంపాదించాడు. రొమ్మున రెండు పట్టీలు గల ఆ పక్షిని కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తెలుగులో దీని పేరు కలివికోడి. ముళ్ళ కలివిపొదల నడుమ తిరుగుతుంది. 1900లో అనంతపురం దగ్గర కనబడిన తరువాత శాస్త్రజ్ఞుల కంటికి అది చిక్కలేదు. అంతరించిందనే పలువురు తలచారు.

1986 జనవరిలో కథ మలుపు తిరిగింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడపజిల్లా సిద్ధవటం ప్రాంతంలో గ్రామస్థులను వాకబు చేస్తుండగా, రెడ్డిపల్లికి చెందిన ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఒక కలివికోడిని పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళపాటు పుస్తకాల్లో లేనిది ఐతన్న ఎరుకలో ఉన్నది! తరువాత ఆ కొండప్రాంతంలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పక్షి నివాసానికి ముప్పు తేగా, కాలువ దారి మార్చడానికి ప్రభుత్వం అంగీకరించింది.

పక్షి దొరికింది, మరి దాని గుడ్డు? అది ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. దాని గూటిని ప్రకృతిలో పరిశీలించి వర్ణించిన శాస్త్రజ్ఞుడు లేడు. చివరకు 2013లో జవాబు స్కాట్లండులో, ఎబర్డీన్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో దొరికింది. అలన్ నాక్స్ అనే శాస్త్రజ్ఞుడు పాతగుడ్ల పెట్టెలు సర్దుతుండగా కలివికోడిది అని వ్రాసి ఉన్న ఒక గుడ్డు కనబడింది. కోలారు బంగారుగనుల్లో పశువైద్యుడుగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించినది. వ్రాత నిజమేనా? గుడ్డునుంచి తీసిన డి.ఎన్.ఎ.ను, ఇంగ్లండులో ట్రింగ్ మ్యూజియంలోని పాత కలివికోడి చర్మంతో పోల్చారు. రెండూ సరిపోయినవి. ప్రపంచంలో మనకు తెలిసిన కలివికోడి గుడ్డు ఆ ఒక్కటే.

ఆ ఒక్క గుడ్డులో ఈ చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. సేకరించినవాడు దానిని తీసుకొనకపోతే అది పక్షి అయి ఉండేదేమో. తీసుకున్నందువల్ల 96 ఏళ్ళ తరువాత మనకు సాక్ష్యం మిగిలింది. అయితే ఆ గుడ్డు పొదల నడుమ ఎట్లాంటి మట్టిమీద ఉండేదో, ఏ రాళ్ళ రంగును పోలి ఉండేదో, తల్లి ఎట్లా కాపాడేదో పెట్టెలోని పెంకు చెప్పలేదు. గుడ్డు స్కాట్లండులో ఉన్నది; దాని అర్థం మాత్రం లంకమల కొండల పాదాన ఉన్న నేలలో ఉన్నది. ఆ నేల చెదిరితే గుడ్డు మిగిలినా అర్థం మిగలదు.

మళ్ళీ మీర్‌పేట్‌కు

తీతువు కలివికోడి వంటి అరుదైన పక్షి కాదు. మన చెరువులవద్ద, పొలాల్లో ఇప్పటికీ విరివిగా ఉన్నది. ఇంటి డాబాలమీద కంకర పరచిన చోట్ల కూడా గుడ్లు పెట్టిన సందర్భాలున్నవి. పాపం, దాని కంటికి అదీ రాళ్ళనేలే! అయితే ఒకప్పుడు కలివికోడి కూడా అనంతపురంనుండి గోదావరిలోయ దాకా ఉండేది. సామాన్యమైనది అరుదు కావడానికి ఎంతోకాలం పట్టనక్కరలేదు.

మనం 'ఖాళీస్థలం' అని పిలిచే మొరపనేల తీతువుకు ఖాళీ కాదు. అదే దాని గోడ, కప్పు, తలుపు. అక్కడ మట్టి పోసి చదును చేసినా, పచ్చగడ్డి పరచి ఉద్యానంగా మార్చినా మనకు అందంగానే ఉంటుంది. కాని పచ్చగడ్డిమీద మట్టిరంగు గుడ్డు దూరానికే కనబడుతుంది. లక్షల ఏళ్ళ మారువేషం ఒక్కరోజులో వెల్లడవుతుంది. చెరువుగట్టున కొంత గులకనేలను, వేసవి నాలుగు నెలలు, ఉన్నది ఉన్నట్లు వదలిపెట్టడం దీనికి పెద్ద ఖర్చులేని ఉపాయం.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో చేయదగిన పని ఒకటున్నది. గూటి జాడ తెలిస్తే దగ్గరికి వెళ్ళవద్దు. ముప్పై, నలభై అడుగుల దూరంలో, పక్షి అరవడం మానే చోట నిలబడండి. గుడ్లను ముట్టరాదు, గుర్తుకోసం కర్ర పాతరాదు. మనం చూచేచోటునే కాకి కూడా చూస్తుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం ఒక్కొక్క పావుగంట చూచి, పక్షి కూర్చున్నదా, నిలబడి నీడపట్టిందా, పొట్ట తడుపుకుని వచ్చిందా అని వ్రాసుకోండి. ఎండ తీవ్రతను కూడా పక్కనే వ్రాయండి. నాలుగు వారాల్లో మీ నోటుపుస్తకంలో నిజమైన శాస్త్రం తయారవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత పక్షుల గుడ్లను తీయడం, పాడుచేయడం నేరమని కూడా పిల్లలకు చెప్పండి. అయితే చట్టంకంటె ముందు చెప్పవలసినది ఆ గుడ్డు కథ.

ఈసారి ఎండాకాలంలో తీతువు మీ తలపై అరిస్తే భయపడకండి. కాళ్ళకింద చూచుకుని, వచ్చిన దారినే నాలుగడుగులు వెనక్కు వేయండి. కొద్దిసేపటికి ఆ కేకలు ఆగిపోతవి. పక్షి దిగివచ్చి, అటూ ఇటూ చూచి, ఏమీ లేని నేలమీద ఏమీ ఎరగనట్లు కూర్చుంటుంది. అక్కడ నాలుగు గుడ్లున్నవని మీకు తెలుసు, దానికి తెలుసు. కాకికి తెలియకుండా ఉంటే చాలు.